ఒకరి గుట్టు మన ఫోన్‌లో: ఇతరుల సమాచారాన్ని ఎలా చూసుకోవాలి

ఒకసారి మీ ఫోన్ తీసి గ్యాలరీ తెరవండి. చివరి వంద ఫోటోల్లో మీరు ఒక్కరే ఉన్నవి ఎన్నో, ఇంకొకరు ఉన్నవి ఎన్నో లెక్కపెట్టండి. తర్వాత చాట్‌లలోకి వెళ్లండి, సగం మాటలు అవతలివాళ్లవే. కాంటాక్టుల్లో మీ నంబరు ఒక్కటి, మిగతావన్నీ వేరేవాళ్లవి. నా ఫోన్, నా ఫోన్ అంటాం కానీ అందులో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం మనది కాదు, మనల్ని నమ్మి ఇంకొకరు ఇచ్చింది.

ప్రైవసీ గురించి దొరికే సలహాలన్నీ దాదాపు మన వివరాలు దొంగల చేతిలో, కంపెనీల చేతిలో పడకుండా ఎలా కాపాడుకోవాలన్న దాని గురించే ఉంటాయి. అవీ కావాలి. కానీ నేను చూసినంతలో మనిషికి బాగా లోతుగా తగిలే దెబ్బ తెలిసినవాళ్ల చేతుల్లోంచే వస్తుంది, అదీ చాలాసార్లు చెడు తలపుతో కాదు, తొందరలో, ఏమీ ఆలోచించకుండా బొటనవేలు కదిపినప్పుడు. అందుకే ఇక్కడ రాస్తున్నది ఆ రెండోవైపు గురించి. మన దగ్గరున్న ఇతరుల సంగతులతో మనం ఎలా మెలగాలి, చేతిలో ఏ బటన్ నొక్కాలి, ఏది నొక్కకూడదు అన్నదాని గురించి.

ముందు నా వల్ల జరిగిన తప్పు చెబుతాను. ఒక స్నేహితురాలు, నాతోపాటు పనిచేసేది, వేరే ఉద్యోగం చూసుకుంటూ ఆ సంగతి నాకొక్కదానికే చెప్పింది. ఒకరోజు మధ్యాహ్నం మీటింగ్ ఎన్నింటికో అడిగితే, క్యాలెండర్ స్క్రీన్‌షాట్ తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాను. సరిగ్గా ఆ క్షణంలోనే ఆమె మెసేజ్ వచ్చింది. స్క్రీన్‌షాట్ పైభాగంలో ఆమె పేరు, కింద "ఇంటర్వ్యూ బాగా అయింది, వచ్చే నెల చేరమన్నారు" అన్న వాక్యం, చదవడానికి వీలుగా స్పష్టంగా ఉన్నాయి. రెండు నిమిషాల్లో చూసుకుని డిలీట్ చేశాను, కానీ చూడకూడనివాళ్లు అప్పటికే చూసేశారు. ఆమె ఇంకా సంతకం పెట్టని ఉద్యోగం గురించి ఆ సాయంత్రమే పైవాళ్లకి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. కాకపోతే ఆ తర్వాత చాలా నెలలు నాకు ఏదైనా చెప్పబోతూ మధ్యలో ఒక్క క్షణం ఆగేది. ఆ ఆగడం నాకిప్పటికీ గుర్తుంది.

కాబట్టి స్క్రీన్‌షాట్ల దగ్గరే మొదలుపెడదాం.

స్క్రీన్‌షాట్ పంపేముందు

మొదటి ప్రశ్న, అసలు బొమ్మే పంపాలా? "మీటింగ్ మూడింటికి" అని టైప్ చేస్తే సరిపోయే చోట స్క్రీన్‌షాట్ ఎందుకు. నేను చేసిన తప్పంతా అక్కడే ఉంది. ఎవరో మీకు రాసిన మాటని మూడో మనిషికి చెప్పాల్సి వచ్చినప్పుడు కూడా మీ మాటల్లో చెప్పండి, చాలావరకు పని జరిగిపోతుంది. స్క్రీన్‌షాట్‌లో వెళ్లేది ఆ మనిషి పేరు, ఫోటో, రాసిన టైమ్, కోపంలో చేసిన అక్షరదోషాలు, అన్నీ. అవి మీకోసం రాసినవి.

తప్పదనుకుంటే తీసేముందు నోటిఫికేషన్లు రాకుండా డు నాట్ డిస్టర్బ్ పెట్టండి. తీశాక పై నుంచి కింది దాకా ఒక్కో వరసా చూడండి. పైన నోటిఫికేషన్ల పట్టీ. దాని కింద చాట్‌లో ఉన్నవాళ్ల పేరు, ప్రొఫైల్ ఫోటో. మీకు కావలసిన మెసేజ్‌కి ముందూ వెనకా ఉన్న మెసేజ్‌లు, అక్కడే అసలు గుట్టు ఉంటుంది చాలాసార్లు. కింద కీబోర్డు తెరిచి ఉంటే అది చూపించే సలహా పదాలు కూడా కొన్నిసార్లు మీరు ఎవరితో ఏం మాట్లాడుతుంటారో చెప్పేస్తాయి. కంప్యూటర్ స్క్రీన్ అయితే బ్రౌజర్ ట్యాబ్‌ల పేర్లు చూడండి. డాక్టర్ రిపోర్టు ట్యాబ్ పక్కనే తెరిచిపెట్టి ఎక్సెల్ షీట్ స్క్రీన్‌షాట్ పంపినవాళ్లని నేను చూశాను.

కప్పెయ్యడంలో కూడా ఒక కిటుకు ఉంది. ఫోన్‌లో ఉండే పెన్నుల్లో హైలైటర్ లాంటిది కొంచెం పారదర్శకంగా ఉంటుంది. దాంతో నల్లగా నాలుగుసార్లు రుద్దినా, ఆ బొమ్మ వెలుతురు పెంచి చూస్తే కింద అక్షరాలు మసకగా బయటపడతాయి. కావాలంటే మీ సొంత ఫోటో మీదే ప్రయత్నించి చూడండి, బ్రైట్‌నెస్, ఎక్స్‌పోజర్ రెండూ చివరిదాకా లాగండి. బ్లర్ చెయ్యడం కూడా నమ్మదగ్గది కాదు. నిండుగా నల్లగా ఉన్న పెట్టె గీసి కప్పండి, లేదా ఆ ముక్క మొత్తం కత్తిరించండి. అలా సరిచేసిన బొమ్మని తెర మీద తెరిచి దానికే మళ్లీ ఇంకో స్క్రీన్‌షాట్ తీసి, ఆ రెండోది పంపండి. ఇది అతి జాగ్రత్త అనిపించొచ్చు, కానీ 2023 మార్చిలో గూగుల్ తయారుచేసే పిక్సెల్ ఫోన్ల ఎడిటింగ్ టూల్‌లో ఒక లోపం బయటపడింది. అందులో క్రాప్ చేసిన స్క్రీన్‌షాట్ ఫైలులో కత్తిరించిన భాగం తాలూకు డేటా అలాగే మిగిలిపోయి, దాన్ని చాలావరకు తిరిగి తెప్పించగలిగారు. దాన్ని సరిచేశారు, కానీ అంతకుముందు పంపేసిన బొమ్మల సంగతి ఎవరూ ఏమీ చెయ్యలేరు కదా.

పీడీఎఫ్ అయితే ఇంకా జాగ్రత్త. అక్షరాల మీద నల్ల పెట్టె గీస్తే కంటికి కనిపించకపోవచ్చు కానీ కింద అక్షరాలు అలాగే ఉంటాయి, సెలెక్ట్ చేసి కాపీ చేసి ఇంకోచోట పేస్ట్ చేస్తే వచ్చేస్తాయి. 2019 జనవరిలో అమెరికాలో, ట్రంప్ ఎన్నికల ప్రచారాన్ని ఒకప్పుడు నడిపిన పాల్ మానఫోర్ట్ తరపు న్యాయవాదులు కోర్టుకిచ్చిన పత్రంలో సరిగ్గా ఇదే జరిగింది, రహస్యంగా ఉంచాలని నల్లగా చేసిన భాగాల్ని విలేకరులు కాపీ పేస్ట్‌తో చదివేశారు. అంత పెద్ద కేసులో, అంత అనుభవం ఉన్నవాళ్లకే జరిగింది. కాబట్టి పేజీని నల్లగా కప్పాక బొమ్మగా మార్చి పంపండి.

ఒక్క మినహాయింపు ఉంది, దీన్ని మర్చిపోవద్దు. మిమ్మల్ని ఎవరైనా బెదిరిస్తుంటే, వేధిస్తుంటే వాళ్ల గుట్టు కాపాడాల్సిన బాధ్యత మీకు లేదు. అప్పుడు ఏదీ కత్తిరించకుండా, పేరు, నంబరు, తేదీ, టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, అసలు చాట్ కూడా డిలీట్ చెయ్యకండి. సాయం చెయ్యగలవాళ్లకి చూపించండి.

ఫోటోలు

అడగడం అన్నది ఎప్పుడు జరగాలో అందులోనే ఉంది విషయమంతా. "నీ ఫోటో పెట్టాను చూడు" అనేది అడగడం కాదు. పెట్టాక అడిగితే మొహమాటానికి సరే అంటారు. "ఇది పెట్టనా?" అని, ఏ ఫోటోనో చూపించి, ఎక్కడ పెడుతున్నారో చెప్పి, ముందే అడగండి. నలుగురు స్నేహితులున్న గ్రూపుకి సరే అన్న మనిషి అందరికీ కనిపించే పేజీకి సరే అన్నట్టు కాదు. మీరు బాగా పడిన ఫోటోలో పక్కన కళ్లు మూసుకుని, నోరు తెరిచి ఉన్నది ఎవరో కూడా ఒకసారి చూడండి, మనందరం ముందు మన మొహమే చూసుకుంటాం.

ఈ గొడవ ఫోన్లతో పుట్టింది కాదు. 1890లో అమెరికాలో శామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్ అనే ఇద్దరు న్యాయవాదులు ప్రైవసీ హక్కు గురించి రాసిన వ్యాసానికి కారణాల్లో ఒకటి అప్పట్లో కొత్తగా వచ్చిన, కదలకుండా కూర్చోబెట్టక్కర్లేకుండా ఫోటో తీసే కెమెరాలు. అంతకుముందు ఫోటో తీయాలంటే మనిషి ఒప్పుకుని కూర్చోవాలి. ఆ ఒప్పుకోవడం అనేది కెమెరా వేగంతోపాటు మాయమైపోయింది. దాన్ని తిరిగి తేవాల్సింది ఫోన్ పట్టుకున్నవాళ్లే.

పిల్లల విషయంలో నేను కొంచెం గట్టిగానే చెబుతాను. చంటిపిల్లలు సరే అనీ అనలేరు, వద్దనీ అనలేరు, అంత మాత్రాన అనుమతి మీ చేతికి వచ్చినట్టు కాదు. స్నానం చేయిస్తున్నప్పటి ఫోటోలు, ఏడుస్తున్న వీడియోలు, మందలిస్తున్న వీడియోలు పెట్టకండి. యూనిఫాం మీద బడి పేరు కనిపిస్తుంటే పెట్టకండి. వేరేవాళ్ల పిల్లలు ఫ్రేములో ఉంటే వాళ్ల అమ్మానాన్నల్ని అడగండి. పిల్ల కొంచెం పెద్దదై "నాది పెట్టొద్దు" అంటే, ఆ మాటకి పెద్దవాళ్ల మాటకిచ్చే విలువే ఇవ్వండి, పాతవి తీసెయ్యమంటే తీసెయ్యండి. వాళ్లు పెద్దయ్యాక మొదటిసారి తమ పేరుతో వెతికి చూసుకునే రోజు ఒకటి వస్తుంది.

ఇక ఫోటోలో కంటికి కనిపించనిది ఒకటుంది, లొకేషన్. ఫోన్ కెమెరా చాలావరకు ఫోటో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఫైలులో రాసిపెడుతుంది. యాంటీవైరస్ కంపెనీ పెట్టిన జాన్ మెకాఫీ 2012 డిసెంబరులో మధ్య అమెరికాలోని బెలీజ్ దేశపు పోలీసులకి దొరక్కుండా తిరుగుతున్నప్పుడు, ఆయన వెంట ఉన్న విలేకరుల పత్రిక ఆయన ఫోటో ఒకటి ఇంటర్నెట్‌లో పెట్టింది. ఆ ఫైలు తెరిచి చూసినవాళ్లకి ఆయన గ్వాటెమాలాలో ఎక్కడున్నాడో దొరికిపోయింది. ఫోటోలో ఉన్నది ఒకరు, తీసినవాళ్లు వేరు, బయటపడింది మొదటివాళ్ల చోటు. ఇంటినుంచి తప్పించుకుని వచ్చి స్నేహితురాలి దగ్గర తలదాచుకున్న మనిషి ఫోటో మీరు తీసి పంపితే కూడా లెక్క అదే.

ఐఫోన్‌లో ఫోటో షేర్ చేసేటప్పుడు పైన ఆప్షన్స్ అని ఉంటుంది, అందులో లొకేషన్ ఆపెయ్యొచ్చు. అసలు ఎప్పుడూ రాయకూడదనుకుంటే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి, అక్కడ లొకేషన్ సర్వీసెస్‌లోకి వెళ్లి కెమెరాకి నెవర్ పెట్టండి. ఆండ్రాయిడ్‌లో కెమెరా యాప్ సెట్టింగుల్లోనే లొకేషన్ ట్యాగ్‌ల స్విచ్ ఉంటుంది. వాట్సాప్‌లో ఫోటోని ఫోటోగా పంపితే ఈ వివరాలు పోతాయి, క్వాలిటీ తగ్గకూడదని డాక్యుమెంట్‌గా పంపితే మాత్రం అలాగే వెళ్తాయి. ఈ తేడా చాలామందికి తెలియదు.

వెనక గోడ మీద ఏముందో కూడా చూడండి, ఇంటి నంబరు, బండి నంబరు, తెరిచి ఉన్న ల్యాప్‌టాప్, బల్ల మీద మందుల చీటీ.

కాంటాక్టులు అడిగే యాప్‌లు

కొత్త యాప్ వేసుకోగానే కాంటాక్టులు చూడనివ్వమంటుంది. మనం అలౌ నొక్కేస్తాం. అక్కడ మనం ఇస్తున్నది మన వివరాలు కాదు, మనల్ని నమ్మి నంబరిచ్చిన కొన్ని వందలమందివి. ఈ రకం అలవాటు ఎంత దూరం పోతుందో చెప్పడానికి కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ ప్రచార సలహాల కంపెనీ ఉదంతం కంటే తేలికైన ఉదాహరణ నాకు తెలియదు. ఫేస్‌బుక్‌లో ఒక వ్యక్తిత్వ పరీక్ష యాప్‌ని వేసుకున్నది సుమారు 2.7 లక్షలమంది. అప్పటి నియమాల ప్రకారం యాప్ వాళ్ల స్నేహితుల వివరాలు కూడా లాక్కోగలిగేది. చివరికి వివరాలు వెళ్లిపోయి ఉండొచ్చని 2018లో ఫేస్‌బుక్ ఒప్పుకున్నది 8.7 కోట్లమందివి. అంటే ఆ పరీక్ష రాసిన ఒక్కొక్కరి వెనక, ఆ యాప్ పేరు కూడా విననివాళ్లు మూడొందలమంది దాకా ఉన్నారు.

చేయాల్సింది చిన్న పని. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ వెతికి కాంటాక్ట్స్ తెరవండి. ఐఫోన్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో కాంటాక్ట్స్. అక్కడ ఉన్న జాబితా చూస్తే మీకే ఆశ్చర్యంగా ఉంటుంది, ఆటలకి, ఫోటో ఎడిటర్లకి మీవాళ్ల నంబర్లు ఎందుకు? తీసెయ్యండి. ఐఓఎస్ 18 నుంచి మొత్తం కాకుండా ఎంచుకున్న కాంటాక్టులు మాత్రమే ఇచ్చే వీలు కూడా వచ్చింది. నంబరు పక్కన "అప్పు ఇచ్చినావిడ", "పిచ్చాసుపత్రి" లాంటి పేర్లు సేవ్ చేసి ఉంటే మార్చండి, కాంటాక్టులు అప్‌లోడ్ అయితే మీరు పెట్టిన ఆ పేర్లు కూడా వెళ్తాయి. ఎవరైనా ఒకరి నంబరు అడిగితే, ఇచ్చేముందు ఆ ఒకరిని అడగండి. "మీ నంబరు ఫలానావాళ్లు అడుగుతున్నారు, ఇవ్వమంటారా?" అంతే.

పేరు చెప్పలేదు కదా అనుకోవద్దు

స్నేహితురాలి కాపురం సంగతో, తమ్ముడి అనారోగ్యమో బయటివాళ్లకి చెప్పి సలహా అడగాలనిపిస్తుంది. పేరు తీసేసి రాస్తాం. అది సరిపోదు. లటన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 2000లో చూపించిన లెక్క ఏమిటంటే, పోస్టల్ కోడ్, పుట్టిన తేదీ, ఆడో మగో, ఈ మూడు తెలిస్తే అమెరికా జనాభాలో 87 శాతం మందిని ఫలానా మనిషి అని వేలుపెట్టి చూపించొచ్చు. అంతకుముందే ఆమె పేర్లు తీసేసి విడుదల చేసిన ఆసుపత్రి రికార్డుల్లోంచి మసాచుసెట్స్ గవర్నర్‌వి ఏవో కనిపెట్టేసింది. 2006లో ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ కంపెనీ ఆరున్నర లక్షలమంది నెట్‌లో వెతికిన మాటల్ని, పేర్లకి బదులు నంబర్లు పెట్టి, పరిశోధన కోసమని బయటపెట్టింది. కొద్దిరోజుల్లోనే విలేకరులు ఆ మాటల ఆధారంగా ఒకావిడ ఇంటి తలుపు తట్టారు.

ఇంకొకరి కథ చెప్పక తప్పనప్పుడు వయసు, ఊరు, ఉద్యోగం, పిల్లలెందరు, జరిగి ఎన్నాళ్లైంది, వీటిలో సలహాకి అవసరం లేనివన్నీ తీసెయ్యండి, మిగిలినవాటిలో మార్చగలిగినవి మార్చండి. తర్వాత ఒక పరీక్ష పెట్టుకోండి: ఆ మనిషి పెద్దమ్మ ఇది చదివితే గుర్తుపడుతుందా? పడుతుందనిపిస్తే రాయకండి, లేదా ఆ మనిషినే అడగండి.

ఏఐ చాట్‌బాట్‌లకి కూడా ఇదే. ఎవరో రాసిన పెద్ద ఉత్తరాన్ని, గొడవపడ్డ చాట్‌ని, ఒకరి రిపోర్టుని మొత్తంగా పేస్ట్ చేసి "దీనర్థం ఏమిటి, ఏం జవాబివ్వను" అని అడగడం ఇప్పుడు అందరికీ అలవాటైపోయింది. కొన్ని సర్వీసులు ఆ సంభాషణల్ని దాచుకుంటాయి, కొన్ని తమ మోడళ్లని మెరుగుపరచడానికి వాడుకుంటాయి, సెట్టింగుల్లో ఆపుకునే వీలు కొన్నిటిలో ఉంటుంది, ముందు అది చూడండి. పేర్లు, నంబర్లు, చిరునామాలు తీసేసి, విషయం మాత్రం మీ మాటల్లో రాసి అడగండి. జవాబు నాణ్యత ఏమీ తగ్గదు.

ఫార్వర్డ్ నొక్కేముందు

దీని గురించి అందరూ చెబుతూనే ఉన్నారు కాబట్టి ఎక్కువ సాగదీయను. 2018లో ఎంఐటీ పరిశోధకులు ట్విట్టర్‌లో పన్నెండేళ్లలో తిరిగిన సుమారు 1,26,000 వార్తల్ని పరిశీలిస్తే, అబద్ధపు వార్తలు రీట్వీట్ అయ్యే అవకాశం నిజమైనవాటికంటే 70 శాతం ఎక్కువని తేలింది, అదీ బాట్‌ల (వాటంతటవే నడిచే ప్రోగ్రామ్ ఖాతాల) వల్ల కాదు, మనుషుల వల్లే. వాట్సాప్ చాలాసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజ్‌కి రెండు బాణాల గుర్తు పెట్టి, 2020 ఏప్రిల్ నుంచి అలాంటివి ఒక్కసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తోంది. ఆ రెండు బాణాలు కనిపిస్తే ఆగండి.

అన్నిటికంటే ప్రమాదమైనది ఒక మనిషి ఫోటో పెట్టి "వీడు పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు, ఈమె మోసగత్తె, అందరికీ షేర్ చెయ్యండి" అని వచ్చేది. అది నిజమో కాదో తేల్చుకునే దారి మీకుండదు. తప్పైతే ఆ మొహం ఉన్న మనిషి వీధిలోకి రాలేడు, ప్రాణం మీదికి రావొచ్చు. దీనికి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: ఎవరు పంపినా, ఎంత నమ్మకస్తులైనా, నేరం అంటగట్టిన ఫోటో నా ఫోన్ దాటి ముందుకి పోదు. నిజమని తోస్తే పోలీసులకి చెబుతాను, గ్రూపుకి కాదు. రక్తం కావాలి, పాప తప్పిపోయింది అన్నవాటిలో అయితే తేదీ చూడండి, ఆ నంబరుకి ఒక్క ఫోన్ చేసి ఇంకా అవసరమేనా అని అడిగాకే పంపండి. ఎప్పుడో దొరికిన పిల్ల కోసం ఏళ్ల తర్వాత కూడా ఫోన్లు వస్తూనే ఉంటాయి వాళ్లకి.

తప్పు వార్త పంపేశారని తెలిస్తే గుట్టుగా డిలీట్ చేసి ఊరుకోకండి, చదివినవాళ్లు చదివేశారు. అదే గ్రూపులో "పొద్దున నేను పెట్టింది తప్పు, ఎవరికైనా పంపి ఉంటే వాళ్లకి చెప్పండి" అని రాయండి. సిగ్గుగా ఉంటుంది, నిజమే. అయినా రాయండి.

వేరేవాళ్ల ఫోన్ మీ చేతిలో ఉన్నప్పుడు

ఒక ఫోటో చూపించడానికి ఫోన్ ఇస్తే ఆ ఒక్క ఫోటో చూడండి. పక్కకి జరపకండి. ఇది ఎంత చిన్నదో అంత ముఖ్యం.

మీకు కంప్యూటర్లు తెలుసని చుట్టాలు, స్నేహితులు రిపేరుకి ఇస్తుంటే, వీలైతే వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యండి. పాస్‌వర్డ్ వాళ్లనే కొట్టమనండి, కొట్టేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోండి. అలా తిప్పుకోవడం అవతలివాళ్లు గమనిస్తారు, వాళ్ల భుజాలు కాస్త సర్దుకుంటాయి. ఏ ఫోల్డర్ ఎందుకు తెరుస్తున్నారో తెరిచేముందు చెప్పండి. ఫైళ్లు సరిగా కాపీ అయ్యాయో లేదో చూడాలంటే పాటలో, సినిమా ఫైలో తెరిచి చూడొచ్చు, డైరీ అని రాసి ఉన్నది తెరవక్కర్లేదు. పాస్‌వర్డ్ చీటీ మీద రాసిచ్చి వెళ్లారా, పని అవ్వగానే చీటీ తిరిగిచ్చి, వాళ్ల చేతే మార్పించండి. ఆఫీసుల్లో సిస్టమ్స్ చూసేవాళ్లకి అందరి మెయిళ్లు తెరిచే అధికారం ఉంటుంది. తెరవగలగడం, తెరవాల్సిన పని పడటం రెండూ ఒకటి కావు, రెండోది ఉన్నప్పుడే తెరవాలి, అది కూడా ఎందుకు తెరిచారో ఎక్కడో రాసిపెట్టి.

భార్యాభర్తల మధ్య, ప్రేమికుల మధ్య "నా మీద నమ్మకముంటే పాస్‌వర్డ్ చెప్పు" అనే మాట వినిపిస్తుంటుంది. అది నమ్మకాన్ని అడగడం కాదు, నిఘాకి ఒప్పుకోమనడం. పైగా ఆ ఫోన్‌లో ఆ ఒక్కరి సంగతులే కాదు, వాళ్లకి మనసు విప్పి రాసుకున్న అక్క, చెల్లి, స్నేహితుల సంగతులూ ఉంటాయి. వాళ్లెవరూ మీకు చూపించమనలేదు.

అంతరంగికమైన ఫోటోలు

ఎవరైనా మిమ్మల్ని నమ్మి అలాంటి ఫోటో పంపి ఉంటే, ఆ బంధం ముగిసిన రోజున అవి తీసెయ్యడం మీ బాధ్యత, వాళ్లు అడిగేదాకా ఆగక్కర్లేదు. గ్యాలరీ, చాట్, క్లౌడ్ బ్యాకప్, మూడుచోట్లా. వేరేవాళ్లవి మీకు ఫార్వర్డ్‌గా వస్తే తెరిచి చూడకండి, ముందుకి పంపకండి, పంపినవాడికి తప్పని చెప్పండి, ఫోటోలో ఉన్న మనిషి మీకు తెలిసినవాళ్లైతే వాళ్లకి నిదానంగా, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి. రిపోర్టు చెయ్యడానికి వివరాలు అవసరమైతే లింకు, అకౌంటు పేరు రాసుకోండి, ఫోటో దాచుకోకండి.

ఆ ఫోటోలో ఉన్నవాళ్లకి చెప్పాల్సిన ఉపయోగపడే మాట ఒకటుంది. స్టాప్‌ఎన్‌సీఐఐ అనే సర్వీసు 2021 చివర్లో మొదలైంది. అందులో ఫోటోని ఎవరికీ పంపక్కర్లేదు. మీ ఫోన్‌లోనే ఆ ఫోటో నుంచి వేలిముద్ర లాంటి ఒక కోడ్ తయారవుతుంది, కోడ్ మాత్రమే బయటికి వెళ్తుంది, అందులో చేరిన కంపెనీలు ఆ కోడ్‌తో సరిపోయే ఫోటోలు తమ దగ్గరికి వస్తే గుర్తుపట్టి ఆపుతాయి. ఫోటోలో ఉన్నవాళ్లకి అప్పుడు 18 ఏళ్లు నిండకపోతే టేక్ ఇట్ డౌన్ అనే వేరే సర్వీసు ఉంది, అదీ ఇదే పద్ధతిలో పనిచేస్తుంది. పిల్లల ఫోటోలైతే దగ్గర ఉంచుకోవడమే చాలా దేశాల్లో నేరం అని కూడా గుర్తుంచుకోండి. ఆ మనిషిని "ఎందుకు పంపావు" అని మాత్రం అడగకండి. తప్పు నమ్మినవాళ్లది కాదు.

పాత ఫోన్లు, పోయినవాళ్ల ఫోన్లు

పాత కంప్యూటర్ అమ్మేముందు ఫైళ్లు డిలీట్ చేస్తే సరిపోదు. 2003లో అచ్చైన ఒక పరిశోధనలో ఎంఐటీ విద్యార్థులు ఇద్దరు 158 పాత హార్డ్ డిస్కులు కొని చూస్తే, పనిచేసిన 129లో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. మిగతావాటిలో ప్రేమలేఖలు, వైద్యానికి సంబంధించిన ఉత్తరాలు, వేలకొద్దీ క్రెడిట్ కార్డు నంబర్లు దొరికాయి. ఆ ప్రేమలేఖల్లో సగం అమ్మినవాళ్లకి ఇంకెవరో రాసినవై ఉంటాయి. ఇప్పటి ఫోన్లలో డేటా చాలావరకు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం లేకుండా చదవలేని కోడ్‌గా మారి ఉంటుంది కాబట్టి అకౌంట్లన్నీ తీసేసి ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే బాగానే పోతుంది, మెమరీ కార్డు తియ్యడం మర్చిపోకండి. పాత హార్డ్ డిస్కుకైతే మొత్తం మీద కొత్త డేటా రాసి తుడిచే టూల్ వాడండి, లేదా పగలగొట్టెయ్యండి.

ఇంట్లో ఒకరు పోయాక వాళ్ల ఫోన్ మన చేతికి వస్తుంది. ఆ సమయంలో నియమాలు చెప్పడం కష్టం, అయినా నా అభిప్రాయం చెబుతాను. ఫోటోలు, ముఖ్యమైన కాగితాలు, కబురు చెప్పాల్సినవాళ్ల నంబర్లు, ఇవి చూడండి. చాట్‌లు చదవాలని బలంగా అనిపిస్తుంది, గొంతు వినాలన్నంత బలంగా. కానీ వాటిలో సగం బతికున్న మనుషులవి. మీ అకౌంట్ల సంగతి మీరే ముందుగా తేల్చిపెట్టుకోవచ్చు: గూగుల్‌లో ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ 2013 నుంచి ఉంది, యాపిల్‌లో లెగసీ కాంటాక్ట్ ఉంది. ఎవరికి ఏమేం ఇవ్వాలో, ఏవి చెరిపెయ్యాలో పది నిమిషాల్లో పెట్టేసుకోవచ్చు.

ఇక ఈ రోజే చెయ్యగలిగిన పని ఒకటి. చాట్‌లలో డాక్యుమెంట్లు అన్న భాగం తెరవండి. ఫారం నింపి పెట్టమనో, ప్రింటు తీసిపెట్టమనో, టికెట్ బుక్ చెయ్యమనో ఎప్పుడో ఎవరో పంపిన గుర్తింపు కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, సర్టిఫికెట్లు అక్కడ వరసగా ఉంటాయి. పని ఎప్పుడో అయిపోయింది, కాగితాలు మాత్రం మీ దగ్గరే ఉండిపోయాయి. మీ ఫోన్ పోతే వాళ్లవీ పోతాయి. ఒక్కొక్కటే తీసెయ్యండి. చాట్‌లో తీసినంతమాత్రాన అయిపోదు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ చూడండి, ఫోటోగా సేవ్ అయి ఉంటే గ్యాలరీలో ట్రాష్ కూడా ఖాళీ చెయ్యండి. ఐఫోన్‌లో డిలీట్ చేసిన ఫోటో 30 రోజుల దాకా, గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయినదైతే 60 రోజుల దాకా అక్కడే ఉంటుంది. అన్నీ అయ్యాక ఆ మనిషికి ఒక మెసేజ్ పెట్టండి: "అప్పుడు పంపిన మీ కాగితాలు నా ఫోన్‌లోంచి తీసేశానండి."